చాయ్ తాగితేనే వాటా

మా పాత సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు గచ్చిబౌలిలో ఒక మీటింగులో ఉన్నాను. సెల్‌ఫోన్లోనే అప్పులిచ్చే కంపెనీ ఒకటి, ఇంకో విడత వాటా సొమ్ము కోసం పెట్టుబడిదారుల ముందుకొచ్చింది. తెర మీద గీతలన్నీ పైకే పోతున్నాయి. ఫోన్ ఎత్తి, విని, బయటికొచ్చి లిఫ్టు పక్కన నిలబడి ఏడ్చాను. ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది. ఆయనే ఆ గదిలో ఉండుంటే ఆ గీతల వంక కన్నెత్తి చూసేవారు కాదు. పెట్టుబడి పెట్టడానికొచ్చినవాళ్ళ వైపు తిరిగి, ఇంట్లో చెప్పొచ్చారా అని అడిగేవారు, అంతే.

నేను పనిచేసిన చోట్లన్నీ పెట్టుబడిదారుల్ని కాళ్ళావేళ్ళా పడి బతిమాలే చోట్లే. వచ్చినవాళ్ళని భయపెట్టి పంపించేసిన మనిషి మాత్రం ఆయనొక్కరే. అదీ డబ్బుకి కటకటలాడుతున్న రోజుల్లో.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో ఉండేది మా ఆఫీసు. స్కూటర్లకీ ఫ్రిజ్‌లకీ కుట్టుమిషన్లకీ వాయిదాల మీద అప్పులిచ్చే కంపెనీ. బస్సు డ్రైవర్లు, హాస్టళ్ళలో వంటవాళ్ళు, ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటోలు నడిపేవాళ్ళు మా దగ్గర అప్పు తీసుకునేవాళ్ళు. ఆయనది నల్లగొండ జిల్లా. వయసులో ఉండగా లారీ డ్రైవరు, తర్వాత లారీ ఓనరు, ఆ తర్వాత ఈ కంపెనీకి చైర్మన్. మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగానికని వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నారు. నేను సీఏ పాసై, లెక్కలూ పెట్టుబడీ చూసే పనిలో ఆయన దగ్గర చేరాను. ఆఫీసులో నన్ను మేడం అనేవారు. కోపమొచ్చినా మేడమే. ప్రేమ పొంగితే మాత్రం బిడ్డా అనేవారు.

కుర్చీలో నిటారుగా కూర్చోవడం ఆయనకి చేతకాదు. ఒక కాలు మడిచి పైన పెట్టుకుని, రెండో కాలు కిందికి వేలాడేసి, లారీ క్యాబిన్లో కూర్చున్నట్టే కూర్చునేవారు. ఆలోచనలో పడితే ఎడమ చెయ్యి కుర్చీ పక్కన గేరు వెతుక్కునేది. బ్యాంకు మేనేజరు ముందైనా సరే, ఆ చెయ్యి ముందుకీ వెనక్కీ కదులుతూనే ఉండేది. చెయ్యి ఆగిందంటే మనసులో ఏదో తేలిపోయినట్టు. ఆ తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా మాట మార్చేవారు కాదు.

ఇంక ఆయన చాయ్ సంగతి. కంపెనీలో వాటా కొంటానని ఎవరైనా ముందుకొస్తే ఆఫీసులో కాగితాలు ఇచ్చేవారు కాదు. వాళ్ళింటికి తనే వెళ్ళేవారు. ముందుగదిలో కూర్చుని, ఇంటావిడని కూడా వచ్చి కూర్చోమనేవారు. ఆవిడ మొహమాటపడి చాయ్ తెస్తే, అది పక్కన పెట్టించి మొదలుపెట్టేవారు.

"ఇది డిపాజిట్ గాదమ్మా. డిపాజిట్ అయితే వడ్డీ ఇస్తరు, గడువుకు అసలు ఇస్తరు. ఇది వాటా. లాభమొస్తే పంచుకుంటం. రాకుంటే లేదు. రేపు కంపెనీ మునిగితే బ్యాంకోళ్ల బాకీ, బయటోళ్ల బాకీ అంత తీరినంక ఏమన్న మిగిల్తే గది మీది. మిగలకుంటే ఏం లేదు. మధ్యల పైసలు కావాలంటే నేనియ్య. ఇంకెవరన్న కొంటే అమ్ముకోవాలె. సమజైందా? ఏం సమజైందో మీ మాటల్ల చెప్పుండ్రి."

ఆవిడ చెప్పాలి. భర్త అందుకోబోతే చెయ్యెత్తి ఆపేవారు. ఆవిడ సరిగ్గా చెప్పి, అయినా సరే పెడదామంటే, అప్పుడు చల్లారిపోయిన ఆ చాయ్ తీసుకుని ఒక్క గుక్కలో తాగేసేవారు. చాయ్ తాగారంటే వాటా ఖాయమైనట్టే. తప్పు చెప్పినా, వద్దన్నా లేచి దండం పెట్టి వచ్చేసేవారు. సగం ఇళ్ళ నుంచి అలాగే వచ్చేశాం. పక్కన కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయేది. అసలే మాలాంటి కంపెనీ కొద్దిమందిని మించి వాటా అడగడానికి చట్టం ఒప్పుకోదు. ఉన్న ఆ కొద్దిమందిని కూడా ఈయన తరిమేస్తుంటే నేను పెట్టుబడి ఎక్కణ్ణుంచి పుట్టించేది?

మా ఇంటికీ వచ్చారు. నాన్న రిటైరైన డబ్బులో కొంత పెడదామనుకున్నాం. మా అమ్మ పెళ్ళివారొచ్చినంత హడావుడి చేసి, ఫిల్టర్ కాఫీ వెండి గ్లాసులో తెచ్చింది. ఆయన పాఠం అంతా చెప్పి, ఏం అర్థమైందమ్మా అన్నారు. మా అమ్మ చీర కొంగు సర్దుకుని నవ్వుతూ, "ఏముందండీ, మా అమ్మాయి అక్కడే ఉందిగా, మునగనిస్తుందా ఏంటి" అంది. ఆయన లేచి దండం పెట్టారు. కాఫీ అక్కడే ఉంది. మా అమ్మకి తల కొట్టేసినట్టయింది. వారం రోజులు నాతో, మీ సారు మన డబ్బుకి వంక పెట్టాడేమే అని దెప్పుతూనే ఉంది. ఆయన్ని నిలదీస్తే, మీ అమ్మ కంపెనీని చూసి పెడతలేదు మేడం, నిన్ను చూసి పెడుతుంది, అది తీస్కుంటే రేపు నువ్వు ఉద్యోగం మానెయ్యాలన్నా మానెయ్యలేవు అన్నారు. నా కోపం మాత్రం తగ్గలేదు. ఇప్పటికీ మా అమ్మ ఆ వెండి గ్లాసు చూపించి తిడుతుంది.

ఒక్కటి ఒప్పుకోవాలి. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో గుబులు పుట్టి, ఊళ్ళో చిట్టీలవాళ్ళ దగ్గరా ఫైనాన్సుల దగ్గరా డబ్బు వెనక్కి తీసుకోవడానికి జనం క్యూలు కట్టారు. మా వాటాదారుల్లో సగం మంది ఆ కుటుంబాలవాళ్ళే. ఒక్కరూ మా మెట్లెక్కలేదు. వెనక్కి ఇవ్వరని వాళ్ళకి ముందే తెలుసు. కొత్తపేటలో టిఫిన్ సెంటర్ నడిపే మా వాటాదారు ఒకావిడ కనిపిస్తే, కంగారుగా లేదా అండీ అని అడిగాను. "కంగారు ఆ రోజే పడ్డాంగా, ఆయన ఇంటికొచ్చి చెప్పిననాడు. రోజూ పడతామా" అని ఇడ్లీలు పొట్లం కట్టింది.

అసలు చిక్కు సకల జనుల సమ్మె ముందు వచ్చింది. స్కూటర్లకి గిరాకీ విపరీతంగా పెరిగింది. నాగోల్ దాకా, పెద్ద అంబర్‌పేట్ దాకా డీలర్లు మమ్మల్ని అడుగుతున్నారు. మేం అప్పులివ్వాలంటే బ్యాంకు మాకివ్వాలి. బ్యాంకు చేతులెత్తేసింది. మీ సొంత పెట్టుబడి ఎంతో దానికి ఇన్నింతలే అప్పని లెక్క, అది అంచుకొచ్చేసింది, ముందు వాటా సొమ్ము తెచ్చుకోండి, తర్వాత మాట్లాడదాం అన్నారు. లేకపోతే ఉన్న లిమిటు కూడా ఏడాది తిరిగేలోపు తగ్గించేస్తాం అన్నారు. కంపెనీ ఆగిపోతే డీలర్లు వేరేవాళ్ళ దగ్గరికి పోతారు, మా దగ్గర పనిచేసేవాళ్ళు రోడ్డున పడతారు. స్టాఫుని కూర్చోబెట్టి ఆ సంగతి నేను ఇంగ్లీషు మాటలతో చెబుతుంటే ఎవరికీ ఎక్కలేదు. ఆయన అందుకుని, "బ్యాంకు పైసలు డీజిల్. వాటా పైసలు ఛాసిస్. డీజిల్ ఎంతన్న పొయ్యి, ఛాసిస్ మోసినంతనే లోడు" అన్నారు. అందరూ తలూపారు.

ఈసారి కావలసింది ఇంటింటికీ తిరిగితే వచ్చే సొమ్ము కాదు. నేనే వెతికి వెతికి బొంబాయి నుంచి ఒక పెట్టుబడి సంస్థని పట్టుకొచ్చాను. వాళ్ళ తరఫున వచ్చినాయన నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడతాడు, వేసే ప్రశ్న మాత్రం మెత్తగా ఉండదు. ఆయన వచ్చేసరికి సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వంటావార్పు. మా సారు పొద్దున అక్కడ కూర్చుని, నినాదాలిచ్చి, అన్నం తిని, ఆఫీసుకొచ్చి నన్ను స్కూటర్ మీద ఇంటికి దింపే ఏర్పాటు చేసేవారు. తెలంగాణ రావాలె, నీ జీతం గూడ రావాలె అనేవారు. సమ్మెలో ఉన్న డ్రైవర్లకి జీతాల్లేవు, వాయిదాలు ఆగిపోయాయి. వాళ్ళ బండ్లు ఒక్కటీ ఎత్తుకు రానివ్వలేదాయన. జీతమొస్తే వాళ్ళే కడ్తరు, ఇప్పుడు బండి గుంజుకుంటే మనిషినే పోగొట్టుకుంటం అన్నారు. బొంబాయాయనకి ఈ సంగతంతా దాచకుండా చెప్పారు. ఆయన విన్నాడు, రాసుకున్నాడు, మా పాత రికార్డంతా చూశాడు. చివరికి పెడతామన్నాడు. ఒక్క షరతు. మా సొమ్ముతో పాటు మీ సొంత సొమ్ము కూడా కొంత కొత్తగా పెట్టాలి, అప్పుడే మీకు నమ్మకం ఉన్నట్టు మాకు తెలుస్తుంది అన్నాడు. ప్రపంచంలో ఎక్కడైనా అడిగేదే. నేను తప్పుపట్టలేదు.

సారు చేతిలో డబ్బు లేదు. వచ్చిందంతా కంపెనీలోనే ఉంది. చైతన్యపురిలో కిరాయి ఇంట్లో ఉండేవారు. తుర్కయంజాల్‌లో ఒక ప్లాటు ఉంది, తన పేరు మీదే. అది అమ్మితే ఆ షరతు తీరిపోతుంది, సగానికి పైగా వాటా చేతిలోనే ఉంటుంది, కంపెనీ తనదిగానే ఉంటుంది. కొనేవాడు కూడా దొరికాడు. నేను సంబరంగా కాగితాలు తయారుచేసుకుంటుంటే, "సాయంత్రం మా ఇంటికి రా మేడం" అన్నారు. ఎందుకండీ అంటే, "వాటా కొంటున్న గద. ఇంట్ల చెప్పాలె" అన్నారు.

నవ్వులాటకి అంటున్నారేమో అనుకున్నాను. వెళ్ళాను. ముందుగదిలో తన కుర్చీ వదిలేసి, వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చున్నారు. భార్యని పిలిచి ఎదురుగా కూర్చోమన్నారు. ఆవిడ మాకు చాయ్ పెట్టి తెచ్చింది. ఆయన కప్పు పక్కన పెట్టి, అందరి ఇళ్ళలో చెప్పిన పాఠమే, ఒక్క ముక్క వదలకుండా, సొంత భార్యకి చెప్పారు. డిపాజిట్ గాదు, వాటా. మునిగితే ఏం మిగలదు. ప్లాటు పోతది, మల్ల రాదు. ఏం సమజైందో నీ మాటల్ల చెప్పు అన్నారు.

ఆవిడ ఎక్కడా తడుముకోలేదు. "ప్లాటు అమ్ముతవు. పైసలు కంపెనీల పెడ్తవు. కంపెనీ మంచిగ నడుస్తే మనకు లాభం. మునిగితే బ్యాంకోళ్లు తీస్కున్నంక మనకేం మిగలదు. ఇల్లు లేదు, జాగ గూడ లేదు. గింతేనా?"

గింతే అన్నారాయన. "మరి పెడ్దామా?"

"వద్దు."

ఆయన ఎడమ చెయ్యి బల్ల మీద ముందుకీ వెనక్కీ కదిలింది. కదిలీ కదిలీ ఆగింది. చాయ్ కప్పు వంక చూశారు. ముట్టుకోలేదు. లేచి, భార్యకి, అందరి ఇళ్ళలో పెట్టినట్టే, రెండు చేతులెత్తి దండం పెట్టారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అమ్మా, ఒక్కసారి ఆలోచించండి, కంపెనీ చెయ్యి దాటిపోతుంది" అని నేను బతిమాలబోతే ఆయన నా వైపు తిరిగి, "ఎవరింట్లనన్న వద్దన్నంక నువ్వు మాట్లాడినవా? మా ఇంట్ల ఎందుకు మాట్లాడ్తవు?" అన్నారు. గొంతు పెంచలేదు.

మెట్లు దిగుతూ నేను వేరే దారి వెతికాను. ప్లాటు మీద ఏదో తగాదా ఉందని చెబుదాం, రిజిస్ట్రేషను సమ్మె వల్ల ఆగిందని చెబుదాం, అందులో సగం నిజమే కూడా, ఆఫీసులన్నీ మూసే ఉన్నాయి. ఆయన వినిపించుకోలేదు. మర్నాడు బొంబాయాయన ఆఫీసుకొచ్చి కూర్చోగానే, తన లారీ హిందీలో చెప్పేశారు. మా ఇంటామె వద్దన్నది, నేను పెడతలేను అని. నేను తల దించుకున్నాను. బొంబాయాయన అర్థం కానట్టు చూశాడు. ప్లాటు ఆవిడ పేరు మీద ఉందా అన్నాడు. లేదు, నా పేరు మీదే అన్నారు. మరి మీ ఇంట్లోనే నమ్మకం లేనప్పుడు మేమెందుకు పెట్టాలి అన్నాడు. పెట్టాల్నో వద్దో నేనెట్ల చెప్తా సాబ్, మీ వెనక ఎవరి పైసలున్నయో వాళ్లని అడుగుండ్రి, మునిగితే ఏం మిగలదని గూడ చెప్పుండ్రి అన్నారు సారు. బొంబాయాయన కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. బంద్ వల్ల ఆటో కూడా దొరక్క, ఎండలో బ్యాగు మోసుకుంటూ నడుచుకుంటూ పోవడం నేను కిటికీలోంచి చూశాను. అయిపోయింది మన పని అనుకున్నాను. సారుతో ఆ రోజంతా మాట్లాడలేదు. ఆయన మాత్రం సాయంత్రం మిర్చి బజ్జీలు తెప్పించి స్టాఫందరికీ పంచారు, నా టేబుల్ మీద కూడా ఒక పొట్లం పెట్టారు.

వారం తర్వాత బొంబాయి నుంచి ఫోన్ నాకే వచ్చింది. సొంతిల్లు తాకట్టు పెట్టి పెడతామన్నవాళ్ళని చాలామందిని చూశాను, ఇంట్లో వద్దన్నారని చెప్పినవాణ్ణి మాత్రం చూడలేదు, ఈయన మాకు అబద్ధం చెప్పడని తెలిసింది, మొత్తం మేమే పెడతాం, కాకపోతే మా కమిటీకి చెప్పుకోవాలి కాబట్టి వాటా ధర తగ్గాలి అన్నాడు. ధర తగ్గితే వాళ్ళకి ఎక్కువ వాటా పోతుంది. నేను రెండు రోజులు ఫోన్లో కొట్లాడి ధరని కొంత పైకి లాగాను. అందులో నేను ఎవరికీ తీసిపోను. కానీ సారు వాటా సగం కిందికి జారడం మాత్రం ఆపలేకపోయాను. ఇంకనుంచి ఓటు పెడితే మీ మాట నెగ్గకపోవచ్చు, తెలుసా అండీ అని గట్టిగా అడిగాను. తెలుసు, సంతకం ఎక్కడ అన్నారు.

డబ్బు వచ్చింది. బ్యాంకు తలుపు తెరిచింది. సమ్మె ముగిసి జీతాలు పడ్డాక డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి పాత వాయిదాలతో సహా కట్టారు. కంపెనీ అలా పెరుగుతూ పోయింది. రాష్ట్రం వచ్చిన కొన్నాళ్ళకి బొంబాయివాళ్ళు ఒక కొత్త మేనేజింగ్ డైరెక్టరుని తెచ్చారు, ఓటు పెట్టారు, శాలువా కప్పారు. సారు ఆ రోజు కూడా నవ్వుతూనే ఉన్నారు. బండి మంచి డ్రైవర్ చేతికిచ్చిన, నాకేం పరేషాన్ అన్నారు. ఆయన్ని ఇంటికి దింపింది నేనే. దారి పొడవునా ఆయన ఎడమ చెయ్యి సీటు పక్కన గేరు వెతుక్కుంటూనే ఉంది. నేను చూడనట్టు నడిపాను. నాకు మాత్రం ఆవిడ మీద కోపం పోలేదు. ఒక్క మాట "సరే" అనుంటే ఇంత మనిషి తను కట్టిన కంపెనీలోంచి శాలువాతో బయటికి రావలసిన పని లేదు కదా.

ఆ ప్లాటులోనే తర్వాత చిన్న ఇల్లు కట్టుకున్నారు. దినకర్మ అయిన మర్నాడు, జనం పల్చబడ్డాక తుర్కయంజాల్ వెళ్ళాను. ఆవిడ వెనక వరండాలో చాప మీద ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుంది. ఈ ఇంట్ల ఆయన సుఖంగ పోయిండు బిడ్డా అంది. ఇన్నేళ్ళుగా మనసులో దాచుకున్నది బయటికొచ్చేసింది.

"ఈ ఇంటికోసమే ఆ రోజు వద్దన్నారు కదమ్మా" అన్నాను. అందులో నా కోపం ఆవిడకి వినబడే ఉంటుంది.

ఆవిడ నా వంక చూసింది. "ఇంటికోసమా? కిరాయి ఇంట్ల నాకేం తక్కువైంది?" అంది. "లారీ కొన్ననాడు నన్ను అడగలే. అమ్మిననాడు అడగలే. కంపెనీ పెట్టిననాడు, ఉన్నదంత అండ్ల పోసిననాడు అడగలే. ఊళ్లె అందరిండ్లల్ల ఆడోళ్లని కూసోవెట్టి అడుగుతడని నాకు పక్కింటామె చెప్తే తెలిసింది. ఆ పొద్దు ఒక్కనాడు నన్ను అడిగిండు. నేను సరే అంటే ఏమైతది? అడిగినా అడగకున్నా ఒక్కటే అయితది."

"అందుకని వద్దన్నారా?"

"ఇంటడో ఇనడో సూద్దామని."

కంపెనీ పోయింది కదమ్మా అనబోయాను. ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద పెళ్ళికూతురికుండే గర్వం.

"ఇన్నడు బిడ్డా" అంది.